కుచ్చే ఉన్ని

"ఇది కుచ్చుకుంటది గదా" అన్నడు
దేవరకద్ర సంతల కారు దిగినాయన,
రెండు వేళ్లతోని అంచు పట్టుకొని,
ఎవరిదో మురికిగుడ్డ లెక్క.

ఈదమ్మ తమలపాకు దవడకు జరిపింది.

కుచ్చాలె సారూ.
మెత్తగుంటే మనిషి నిద్రవోతడు.
నిద్రవోతే తోడేలొస్తది.
మా మామ కిష్ట ఒడ్డున మంద పెట్టినప్పుడు
రాత్రంత మెడకాడ ఇది గీకుతుంటేనే
సగం కన్ను తెరిసి పండేటోడు.
ఒక్కనాడు జరమొచ్చి నా పాత చీర కప్పుకున్నడు.
తెల్లారి లెక్కవెడితే మూడు పిల్లలు తక్కువ.

చెప్పుకుంట చెప్పుకుంటనే మడత ఇప్పింది.
వాసన లేసింది:
తడిసిన గొర్రె, చింతగింజల గంజి,
మగ్గం గుంతల పచ్చిమన్ను,
పొగ.

ఇగో ఈ నలుపు, రంగేసింది గాదు.
తల్లి కడుపుల నుంచి తెచ్చుకున్నది.
ఎండకు ఎలిసిపోదు, నా లెక్క.
ఇగ ఈడ, నడుమ, బెత్తెడు మేర
జర ఎర్రగ కనవడ్తలేదా?
ఆ యేడు నల్లగొర్లు ఒడిసినయి.
లారీలల్ల కొత్తయి దిగినయి, ఎర్రయి, నున్నటియి.
కత్తెర పెడితే తోలు తెగుడే,
పిడికెడు బొచ్చు రాదు.

సగం గొంగడి మగ్గం మీదనే
రెండు వానకాలాలు ఆగింది.
మా ఆయన రోజూ గుంతల దిగి కూసునేటోడు.
నేసెటందుకు గాదు.
ఊకనే. కాళ్లకు సల్లగుంటదని.

నేనే నర్వ దాక వోయి
కొమురెల్లి ముసలోని కాడ మిగిలిన ఏడు గొర్ల ఉన్ని
జొన్నలు కొలిసిచ్చి తెచ్చుకున్న.
వడికితే పోగు వన్నె కలవలే.
"కలవకుంటే కలవకపాయె, అది గూడ గొర్రెదేనాయె"
అన్నడాయన, పేక అందుకొని.

"మచ్చ ఉన్నదంటే, మరి రేటు తగ్గాలె."

గొంగట్ల కూసోని బువ్వ తినుకుంట
ఎంటికలు ఏరొద్దంటరు సారూ.

ఆయనకు సామెత తెల్వదు.
ఫోన్ల మచ్చను ఫోటో తీసుకున్నడు.

అప్పుడే మన్నెంకొండ దిక్కు నుంచి
వాన అడ్డంగ వచ్చింది.
ఉల్లిగడ్డలోళ్లు, మిరపకాయలోళ్లు
పట్టాలు గుంజుకుంట ఉరికిన్రు.
ఈదమ్మ గొంగడి మూల మలిసి, కొప్పెర వెట్టి
ఆయన నెత్తిన వేసింది, అడగకుంటనే.

నీళ్లు పైపైన జారుతున్నయి.
లోపల ఆయన మెడ రెండుసార్లు కదిలింది.
కండ్లు మాత్రం బాగ తెరుసుకున్నయి,
సంతను ఇప్పుడే చూస్తున్నట్టు.

రెండు వందలు తక్కువిచ్చిండు.
ఆమె లెక్కవెట్టింది, ఏమనలేదు,
బొడ్ల దోపుకున్నది.

తర్వాత, బస్సు వచ్చేదాక,
యూరియా సంచి చించి నెత్తిన కప్పుకున్నది.
అక్షరాలు తలకిందులుగ ఉన్నయి.
నున్నగున్నది.
యాడ గూడ కుచ్చుతలేదు.
ఈదమ్మకు ఆవలింత వచ్చింది.