తవిటమ్మ గుమ్మం మీద బొగ్గుగీతలు

గునుపూరులో నా ఆటోకి హారన్ అక్కర్లేదు.
ఖాళీ కేన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడుకే
తలుపులు తెరుచుకుంటాయి.

తవిటమ్మది ప్లాంటు వెనక సందులో ఆఖరిల్లు.
ఆమెకి పుస్తకం లేదు.
కేను దించగానే పొయ్యిలోంచి ఆరిన బొగ్గు తెచ్చి
గుమ్మం పక్క సున్నం మీద ఓ గీత గీస్తుంది.
పింఛను వచ్చిన రోజు గీతలు లెక్కబెట్టి
కొంగు ముడి విప్పుతుంది.
పదిహేను గీతలు.
మూడువందల డెబ్బయి అయిదు.
"బియ్యానికి కూడా ఇంత అవలేదురా,
అవి ఉడకడానికి అవుతోంది."

పెరట్లో నుయ్యి ఉంది. పదకొండు వరలు.
ప్లాంటు బోరు దిగిన రెండో వేసవిలో
చేద అడుగున రాతికి తగిలి ఠంగుమంది.
ఇప్పుడు దాని మీద రేకు కప్పి
వడియాలు ఎండబెడుతుంది.

లోపల జరిగేది రోజూ చూసేవాణ్ణి.
ఒక కేను నిండేలోగా రెండు కేన్ల నీళ్లు
పక్క గొట్టంలోంచి కాలవలో పడతాయి.
ఆ కాలవ తవిటమ్మ వాకిలి ముందునుంచే పోతుంది.
కొన్నాళ్లు వాటితో అంట్లు తోమింది.
గిన్నెలకి తెల్లటి పొక్కులు కట్టాయి, మానేసింది.
పెళ్లిళ్ల రోజుల్లో
రెండు గుక్కలు తాగి పారేసిన చిన్న సీసాలు
ఆ కాలవకే అడ్డం పడతాయి.
మొన్నటి వరదకి వంశధార
వాటన్నిటినీ తెచ్చి పొలాల గట్ల మీద పెట్టి పోయింది,
మూతలు బిగించినవి బిగించినట్టే,
ఒక్కోదానిలో ఒక్కో గుక్క మిగిలి.

ఒకరోజు అడిగింది:
"ఒరే జోగులూ, ఈ నీళ్లు ఏ ఊరివిరా?"
స్టిక్కరు మీద మంచుకొండ ఉంది,
దాని కింద గుండ్రటి ఒరియా అక్షరాలు.
కొండ పేరేదో చెప్పేద్దామనుకున్నాను.
నోరు రాలేదు.
వేలితో నేలకేసి చూపించాను.

చాలాసేపు నవ్వింది. తర్వాత అంది:
"నా ముందు ముగ్గురు పుట్టి పోయినారు.
నేను పుట్టగానే మాయమ్మ
నన్ను చేటలో పెట్టి పక్కింటామెకి ఇచ్చీసి,
చారెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుందంట.
కొన్న బిడ్డ పరాయిసొమ్మని
యముడు ముట్టడంట.
అలాగ బతికీసినాను.
ఇప్పుడు నా నూతిని నేనే కొనుక్కుంతన్నాను గదరా,
మరది బతకదేం?"

ఆ వేళ గీత గీయలేదు.
నేనూ అడగలేదు.
సాయంత్రం లెక్కలో ఒక కేను తక్కువొస్తే
నా కూలీలో కోసుకోమన్నాను.

రాత్రి ఇంటికి పోతూ
నాకూ ఒక కేను దించుకున్నాను.
మా వీధి కుళాయి కూడా ఎండి మూడేళ్లు.
డ్రైవర్లకి
అయిదు రూపాయలు తగ్గింపు.