కాలరు లోపలి గుర్తు

సొహార్‌ల చేపల మార్కెట్ ఎనక గల్లీ.
మా ఇస్త్రీ దుకాణంల తెల్ల దిష్‌డాషాలు
తలకాయలు మరిచిపోయిన మనుషుల లెక్క
వరుసగా ఏలాడుతుంటయి.

ముహన్నా ఉస్తాద్, రిటైరైన పంతులు.
బట్టలకని వస్తడు, బట్టలు మరిచిపోతడు.
ఓనాడు మజూరీ మీద రెండొందల బైసలు ఎక్కువిచ్చిండు.
"గరీబోణ్ని, ఉంచుకుంట" అన్న.
ఆయన కండ్లద్దాలు తీసిండు.
"గరీబువే, నిజం.
దానికి పైసలెందుకు?"

అగో, అప్పుడు తెలిసింది.
మా కోరుట్ల దిక్కు గరీబంటే లేనోడు.
ఈడ గరీబంటే ఈడోడు కానోడు.
లేనోణ్ని వీళ్లు ఫకీరంటరు.
మా ఫకీరేమో నెమలీకల కట్టతోని
దిష్టి తీసేటోడు,
సోలెడు జొన్నలకు ఇల్లంత సల్లగుండాలనేటోడు.

ఉస్తాద్ బయటికి పోయిండు.
ఏసీ అద్దానికి బయట ఉక్కపోత తేమ.
ఏలుతోని మూడక్షరాలు రాసిండు:
గైన్, రా, బా.
కుడి నుంచి ఎడమకు ఆయన రాసినయి
లోపలున్న నాకు
మన తీరుగ ఎడమ నుంచి కుడికి కనవడ్డయి.

లోపలికొచ్చి లెక్కవెట్టిండు.
గర్బ్ అంటే పడమర.
గురూబ్, పొద్దుగూకుడు.
మగ్రిబ్, గీ ఇనవడుతున్న బాంగు యాళ్ల.
గుర్బా, ఊరిడిచినోని గుబులు.
గరీబ్, నువ్వు.
ఆఖరికి కరెంటు తీగ మీదికి చెయ్యి సాపి
"గురాబ్" అన్నడు.
కాకి.

కాకికి నాకు సుట్టరికమేంది ఉస్తాద్?
దూరం పోతదని కొందరు, నల్లగుంటదని కొందరు,
నిఘంటువులోళ్లు ఇంకా కొట్లాడుతున్నరన్నడు.
నాకు కొట్లాట లేకుంటనే సమజైంది.
ఈ కాకులు ఈడియి కావంట.
మన దిక్కెల్లి ఓడలెక్కి వచ్చినయంట.
వీసా లేదు, బతాకా లేదు.
మున్సిపాలిటోళ్లు బోన్లు పెడుతున్నరు.

"మరి కఫీల్, కుఫ్ల్?
జామీనుండేటోడు, తాళంకప్ప,
రెండూ ఒక్కింటియేనా?"
నవ్విండు. "కావు.
ఒక క నోట్లె పుడతది, ఇంకో క గొంతు లోతుల."
నా పాస్‌పోర్టున్న బీరువాకు
ఆ ఫరకు తెల్వదు.

అప్పుడు నేనూ ఒకటి చెప్పిన.
మా అవ్వ పోసవ్వకు సంతకం రాదు.
నల్లజీడి గింజను సూదితోని గుచ్చి
ఇంటికో గుర్తు పెట్టేది.
పటేలింటికి మూడు సుక్కలు.
కంసాలోళ్లకు గీత, గీత మీద సుక్క.
పెండ్లి చీరయినా, బాలెంత గుడ్డయినా,
పిలగాని లాగయినా,
ఎన్ని ఉతుకులు పడనీ, రంగు పోనీ,
ఆఖరికి చినిగి మసిబట్ట కానీ,
మూల మలిపి చూసి
ఏ ఇంటిదో చెప్పేది.

ఉస్తాద్ శానసేపు మాట్లాడలే.
తన కాలరు మలిపి చూసుకున్నడు.
లోపల నీలి సిరాతోని నేను రాసిన నెంబరు, నలభై ఏడు.
"నేను ముప్పై ఏండ్లు చెప్పిన పాఠమిదే" అన్నడు,
"మీ అమ్మ గింజతోని చెప్పింది."

గంతల అద్దం మీద
గైను నెత్తి మీది సుక్కను తేమ మళ్లా మూసేసింది.
సుక్క పోతే ఏమైతదని అడిగిన.
"అరబ్ అయితది."
ఇద్దరం అద్దం దిక్కే చూసినం.
ఆయన బట్టలు మరిచే పోయిండు.

రాత్రి షట్టరు దించి
నా అంగీ పిండుకుంట కాలరు మలిపి చూసిన.
మా ఇంటి బట్టలకు అవ్వ ఎన్నడూ గుర్తు పెట్టలే.
"ఏ గుర్తూ లేంది మనదే బిడ్డా,
పక్కకు పెట్టు" అనేది.