తొమ్మిదింబావు

కాశీబుగ్గలో మా ఆఫీసు
మందుల షాపు మీద. మెట్లు పదిహేడు.
దాలమ్మ రెండుసార్లు కూర్చుని ఎక్కింది.
చెంగు ముడిలో పోస్టాఫీసు పాస్‌బుక్కు,
అందులో ఫ్యాక్టరీ మూసినప్పుడిచ్చిన లెక్క,
దాని కింద చీటీ పాడి తెచ్చుకున్నది:
లక్షా ఎనభై వేలు.

డిబెంచరంటే, పిన్నీ,
కంపెనీకి నువ్విచ్చే అప్పు.
ఏడాదికి తొమ్మిదింబావు. అయిదేళ్లు.
షేరులా ఎగరదు, కూలబడదు.
మార్చి మార్చికీ వడ్డీ
నీ ఖాతాలోకి నడిచొస్తుంది.

"నానా అప్పిచ్చేది? ఆడికా?"
నవ్వితే ఆవిడకి దగ్గొచ్చింది.

ముప్పైఒక్క ఏళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు.
వానాకాలం అడ్వాన్సు తీసుకుని
ఎండాకాలమంతా దాన్ని కొట్టి తీర్చిన చేతులు.
షావుకారి పుస్తకంలో ఆవిడ పేరు
ఎప్పుడూ బాకీ గడిలోనే.

"మరియ్యకపోతే?
నానెవులింటి ముందు కూకోవాల?"
ట్రస్టీ ఉంటాడన్నాను, ముంబైలో.
"ముంబైలో ఏ ఈది?"
సెక్యూర్డ్ అన్నాను. తాకట్టుందన్నాను,
షెడ్లు, యంత్రాలు, భూమి.
ఆవిడ కిటికీలోంచి చూసింది.
రైలుగేటు అవతల తను పనిచేసిన షెడ్డు,
గోడకి బ్యాంకు నోటీసు
వానకి సగం ఊడి.
"అదీ తాకట్టే.
బాయిలర్నెవులూ కొన్లేదు.
మేకలు పడుకుంతన్నాయి."

రేటింగు ఎత్తుకున్నాను.
డబుల్ ఏ అంటే శిక్షణలో చెప్పిన వాక్యం గుర్తుంది,
అర్థం గుర్తులేదు.
ఆవిడే అందుకుంది:
"గుండు, బద్ద, ముక్క, నూక.
పప్పు ఏరడం నాకు తెల్దేటి?
పైన గుండేసి, అడుగున ముక్కేసి
డబ్బాకి సీలేసినోల్లని సూసినాను.
ఇదేటి బాబూ, గుండా, బద్దా?"

బద్ద, అన్నాను.
ఎందుకన్నానో.
ఆ నెల టార్గెట్టుకి
ఇంకా రెండు లక్షలు తక్కువ.

"అయితే అరవై ఎట్టు.
మిగిల్ది పోస్టాఫీసులోనే పడుండనీ."

వేలు పెట్టమన్నాను.
యంత్రం ఎర్రగా వెలిగింది.
తుడిచి మళ్లీ. ఎరుపే.
బూడిద రాసుకున్నా ఆగలేదట జీడిరసం,
గీతలన్నీ తినేసింది.
పొట్టు తీసిన పప్పులా బొటనవేలు.
పది వేళ్లూ అయ్యాయి.
'సరిపోలలేదు' అంది తెర,
ఆవిడ ఆవిడ కాదన్నట్టు.

అడ్వాన్సు పుచ్చుకున్న ప్రతిసారీ
బానే పడేదట.
సిరా పూసి, వేలు పట్టుకుని
షావుకారే నొక్కేవాడట.

కన్ను చూసే యంత్రం శ్రీకాకుళంలో ఉంది,
నాలుగు రోజుల్లో తెప్పిస్తానన్నాను.
"బేగి తే. ఈ నాల్రోజుల వడ్డీ
నువ్వు కడతావేటి?"
గోడ పట్టుకుని దిగిపోయింది.

అరవై వేల మీద తొమ్మిదింబావు,
రోజుకి పదిహేను రూపాయల ఇరవై పైసలు.
నాలుగు రోజులకి
అరవయ్యొక్క రూపాయి, దాదాపు.
ఏ గడిలో వెయ్యాలో తేలక
ఆవిడ కాగితం మూలన
పెన్సిల్తో రాసి ఉంచాను.