నాలుగో పంపు

వలలు ఆరేసే అటక మీద పెట్టాం దాన్ని.
ఇంకెక్కడా చోటు లేదు, పైగా అక్కడ చలి ఉచితం.
క్లాక్స్‌విక్ రేవులో మా కంపెనీకి
పద్నాలుగు చేపల పంజరాలు, రెండు పడవలు,
కంప్యూటర్లు చూసుకోడానికి నేనొక్కదాన్ని.

మన మాట మన దీవి దాటకూడదన్నాడు హోగ్ని.
ఏ పంజరంలో చేపకి జబ్బు, ఎవరికి ఎంత అప్పు,
ఇవన్నీ ఎవరో అద్దెకిచ్చే మెదడుకి ఎందుకు చెప్పాలి?
అందుకని మెదడునే ఇంటికి తెచ్చాను.
సొంత పొయ్యి, సొంత పొగ.

ఇక దాన్ని మేం కబుర్లాడుకునే చోటికి
తీసుకెళ్ళడమే మిగిలింది.
అక్కడే తెల్లారింది నాకు.

చాట్ వాళ్ళు ఒక తాళంచెవి ఇచ్చారు,
డెబ్బై అక్షరాల పొడుగు.
ఒక్కసారే చూపిస్తాం, దాచుకో అన్నారు.
కాగితమ్మీద రాసుకుని మెట్లెక్కాను.
సున్నాని ఓ అనుకున్నాను.
రెండు గంటలు నా ఇంటి ముందే
దొంగలా నిలబడ్డాను.

తర్వాత అనుమతులు.
చదవొచ్చా? రాయొచ్చా? పాత మాటలు తవ్వొచ్చా?
ఒక్కో గడిలో టిక్కు పెడుతుంటే
అద్దెకు దిగేవాడికి గదులు చూపిస్తున్నట్టుంది.
ఇది వంటిల్లు, రావచ్చు.
ఇది మార్యున్ కోపమొస్తే వెళ్ళి కూచునే గది,
దీని జోలికి రాకు.

అర్ధరాత్రి ఆకుపచ్చ చుక్క వెలిగింది.
ఉన్నావా, అన్నాను.
ఉన్నాను, ఏం కావాలి, అంది.
తన మాట తనే విని ఎవరో పిలిచారనుకుని
మళ్ళీ పలికింది.
ఆ పలుకుకి ఇంకో పలుకు.
నేను కాఫీ పెట్టుకొచ్చేసరికి
మూడువందల పన్నెండు మర్యాదలు.
పడవలో నిద్రపోతున్న ఐదుగురి జేబుల్లో ఫోన్లు
అప్పుడే పట్టిన చేపల్లా కొట్టుకున్నాయట.

ఒక వాక్యం చేర్చాను: నీ గొంతు నువ్వు వినకు.
మన మేనేజరుకీ అది పెట్టకూడదా, అంది మార్యున్.
ఇంకో వాక్యం: పేరు పెట్టి పిలిస్తేనే పలుకు.
పిలవని పేరంటానికి వెళ్ళేవాళ్ళు
ఇక్కడ ఇప్పటికే చాలామందిమి ఉన్నాం.

సోమవారం పొద్దున గాలివాన.
హోగ్ని రేవు నుంచి అడిగాడు:
నాలుగో పంపు ఆగిపోయింది, ఏం చెయ్యాలి?
ఇరవై రెండేళ్ళ రిపేరు పుస్తకాలు తినిపించాను దానికి,
నూనె మరకలతో సహా.
మూడు చుక్కలు ఎగిరెగిరి పడ్డాయి.
మేమందరం తెర మీదికి వంగాం.

"హానుస్‌ని అడగండి."

హోగ్ని ఇంకోలా అడిగాడు. అదీ ఇంకోలా చెప్పింది:
"నాలుగో పంపు సంగతి నలభై ఒక్క చోట్ల ఉంది.
నలభై ఒక్క చోట్లా హానుస్‌ని అడగమనే ఉంది."

పుస్తకాలు తిరగేశాను. అబద్ధం కాదు.
రెండు చోట్ల నా చేతిరాతే.

హానుస్ మా చాట్‌లో లేడు.
అతనిది బటన్ల ఫోను, అదీ ఏదో సొరుగులో ఉంటుంది.
పని మానేసి మూడేళ్ళు, ఇప్పుడు కొండ మీద గొర్రెలు.
మార్యున్ కారేసుకుని వెళ్ళింది.

వచ్చాడు. తిట్టలేదు, తన్నలేదు.
పంపుకి చెవి ఆనించి కాసేపు ఉన్నాడు.
ఎడమ మూత పావు చుట్టు వదులు చేశాడు.
"దీనికి మొదట్నుంచీ ఊపిరాడదు" అన్నాడు.

అది నేను రాసిపెట్టాను, నలభై రెండో చోట.

తర్వాత అటక ఎక్కించమన్నాడు.
ఇదేనా నా పేరు చెప్పింది, అని
డబ్బా మీద అరచెయ్యి వేశాడు.
వెచ్చగా ఉన్నట్టుంది,
తడి గ్లవుజులు రెండూ దాని నెత్తిన పరిచి
గొర్రెలున్నాయంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం చాట్‌లో, ఎవరూ పిలవకుండానే:
"నా దగ్గర వేడి బాగా పెరుగుతోంది.
ఎవర్ని అడగాలి?"

హానుస్‌ని అడుగు, అని రాశాడు హోగ్ని.

నేను మెట్లెక్కి గ్లవుజులు పక్కకి జరిపాను.
ఒకటి ఆరిపోయింది.