పిన్నులు పెదాల మధ్య

పొద్దున్న ఆరున్నరకి
మా రుమానా అద్దం ముందు నిలబడి
నాలుగు పిన్నులు పెదాల మధ్య పట్టుకుంటుంది.
ఆ రెండు నిమిషాలూ దానితో మాట్లాడకూడదు.
ఉప్మాలోకి పంచదారా, పచ్చడా అన్నా
తల అడ్డంగానో నిలువుగానో ఊపుతుంది, అంతే.

నేను వేసుకోను.
కోటవీధిలో గుమ్మం పక్కన మిషను వేసుకుని
ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను.
బురఖాలకి అంచులు, పెళ్ళి జాకెట్లకి హుక్కులు,
నేవీ వాళ్ళ తెల్ల చొక్కాలకి బొత్తాలు.
గుడ్డ గుడ్డే. మీటరు లెక్క.
అలాగే అనుకునేదాన్ని.

అమ్మ కడదాకా నలుపులోనే ఉంది.
ఒకసారి రేషను వరసలో, మే నెల,
చెమట తుడుచుకోడానికి ముసుగెత్తితే
వెనక ఎవరో "బీబీగారికి ఉక్కపోస్తోందర్రా" అన్నారట.
ముసుగు దించేసి లోపల్లోపల నవ్విందట అమ్మ.
"నేను నవ్వినట్టు వాళ్ళకేం తెలుసు" అని
ఇంటికొచ్చి చెప్పి మళ్ళీ నవ్వింది.
ఆ నవ్వు నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు.

పదహారో ఏట నా బురఖా మడిచి
ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య పెట్టేశాను.
యుద్ధాలేం జరగలేదు.
అమ్మ మూడ్రోజులు మాట్లాడలేదు.
నాలుగో రోజు వంజరం పులుసు పెట్టింది.

హుద్‌హుద్ అంటే పిట్ట అని నానీ చెప్పేది.
సులేమాన్ ప్రవక్తకి సబా రాణి కబురు మోసుకొచ్చిన
తురాయి పిట్ట.
అంత చిన్న పిట్ట పేరు పెట్టుకుని
అంత గాలి వచ్చింది మా ఊరికి.
మర్నాడు చూస్తే కొండల మీద ఆకన్నది లేదు.
కైలాసగిరి తలనీలాలిచ్చొచ్చినట్టుంది.
ఎదురింటి అప్పలనరసమ్మ కొడుక్కి
ఎగిరొచ్చిన రేకు మోచెయ్యి కోసేస్తే
కట్టు కట్టడానికి పొడి గుడ్డ లేదు ఏ ఇంట్లోనూ.
ట్రంకుపెట్టె తెరిచాను.
ఆ నలుపుని నిలువునా చింపాను.
నెత్తురు దాని మీద కనబడలేదు, తడి తెలిసింది.
ఆరేళ్ళ రుమానా మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని
చూస్తూనే ఉంది. ఏం చూసిందో.

పోయినేడు అది తలకి చుట్టుకుని
వంటగదిలోకొచ్చిన రోజు అడిగాను.
ఎవరు చెప్పారే?
ఎవరూ చెప్పలేదంది.
మరెందుకు?
"అమ్మీ, నువ్వు తీసేసినప్పుడు నీకెవరు చెప్పారు?"

చేతిలో గరిట, మెళ్ళో టేపు.
దాని ప్రశ్న కొలవడానికి రెండూ పనికిరాలేదు.

బయట అందరూ అడుగుతారట.
కాలేజీలో మేడమ్, జాలిగా.
జగదాంబ దగ్గర బస్సులో కుర్రాళ్ళు, ఇంకోలా.
ఖలీల్ చాచా మాత్రం అడగడు, మెచ్చుకుంటాడు.
"తల్లి తప్పినా పిల్ల దారిలో పడింది" అంటాడు.
ఆ రోజు వచ్చి బ్యాగు విసిరికొట్టింది.
"నా తల మీదున్న దాంతో
నిన్ను కొట్టడానికి వాడెవడు?"

బీచిరోడ్డుకి వెళ్తాం ఎప్పుడైనా ఆదివారం.
గట్టు మీద గంపలు దించి కూర్చున్న చేపలమ్మలు
కొంగు తలమీంచి చెవుల వెనక్కి దోపుకుని ఉంటారు.
వాళ్ళనెవరూ అడగరు, ఎండ అనుకుంటారు.
సముద్రం గాలి దీని స్కార్ఫు కొస పట్టుకుని గుంజుతుంది,
నా నెరిసిన జుట్టునీ అంతే మొరటుగా పీకుతుంది.
వేసుకున్నదెందుకో, తీసిందెందుకో
గాలికక్కర్లేదు.
పిన్ను సరిగ్గా గుచ్చారా లేదా, అదొక్కటే చూసుకుంటుంది.

ఇవాళ దాని బొటనవేలికి కట్టు. ల్యాబులో సీసా పగిలిందట.
"అమ్మీ, నువ్వు పెట్టవా" అంది.
దర్జీదాన్ని, నోట్లో పిన్నులు నాకు కొత్తా?
నాలుగూ పెదాల మధ్య పట్టుకున్నాను.
గడ్డం కింద ఒకటి. చెవి దగ్గర ఒకటి.
హార్బరులో ఓడ కూత వేసింది.
అద్దంలో రెండు తలలు,
ఒకటి కప్పుకున్నది, ఒకటి కప్పుకోనిది,
రెండిటికీ అమ్మ నుదురే.

అడగాల్సిందొకటి గొంతుదాకా వచ్చింది.
ఇంకా రెండు పిన్నులున్నాయి నోట్లో.
"తొందరగా అమ్మీ," అంటోంది, "బస్సు పోతుంది."