చూరులో గ్లాసు

టంగుటూరు దాటాక, హైవే మోత వినపడే షెడ్డులో
ముప్పైరెండు మందిమి ఆకు గ్రేడింగు చేస్తాం.
గాలాడితే ఆకు పెళుసెక్కుద్దని
కిటికీలకు తడి గోతాలు కట్టిస్తాడు మేస్త్రి.
ఆకు మెత్తగా ఉండాల.
మేం ఎట్టున్నా పర్లేదు.

అందరం దగ్గుతాం.
మండె విప్పిన రోజు ఆ ఘాటుకి
కొంగు నోట్లో కుక్కుకుని మరీ దగ్గుతాం.
దగ్గు మాకు కూలి మీద కొసరు.
ఎస్తేరమ్మ దగ్గుకి మాత్రం ఒక పేరొచ్చింది,
ఒంగోలు పెద్దాసుపత్రి నుంచి,
రెండక్షరాల పేరు.

ఆమె ఆటో దిగేలోపే ఆ పేరు పల్లెలో దిగింది.
కొట్లో శేషయ్య చిల్లర చేతికివ్వకుండా
బల్ల మీద పెట్టి వేలితో నెట్టాడు.
పక్కన కూర్చునే మార్తకి ఉన్నట్టుండి నడుం నొప్పొచ్చి
గోడవారకు మారింది.
ఆదివారం ఆమె కోసం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసినోళ్ళే
కళ్ళు తెరిచి
చాప కొస ఇవతలికి మడుచుకున్నారు.

నేనేం చేశానో కూడా చెబుతా.
టీ వచ్చే వేళకి
ఆమె గ్లాసుని కొంగుతో పట్టుకుపోయి
వసారా చూరులో, రేకుకీ వాసానికీ మధ్య చెక్కాను.
ఎవరూ చెయ్యమన్లా.
నా చేతికి ఆ పని ముందే వచ్చినట్టుంది.

ఆ రాత్రి నిద్రపట్టలా.
మా నాయన మోషే చెప్పేవాడు:
ఊళ్ళో టీకొట్టు బయట తాటాకు చూరులో తన గ్లాసు.
తానే తీసుకోవాల, తానే కడగాల,
ఎత్తునించి పోస్తే చేతిమీద చిందిన టీ
మణికట్టు దగ్గర మచ్చయింది.
ఒకరోజు నేలకేసి కొట్టాడంట ఆ గ్లాసుని.
నెల్లాళ్ళు ఎవరూ కూలికి పిలవలా.
పస్తున్న ఆ నెలని
మాకు పండగలాగా చెప్పేవాడు.

ఆయన పగలగొట్టిన గ్లాసుని
పెంకు పెంకూ ఏరి, అతికించి,
మళ్ళీ చూరులో పెట్టింది నేనే.
అంటు అనే మాట మా వీపు మీద పుట్టిన మాట.
దాన్ని దించి
పక్కదాని వీపుకెత్తాను.

ఆశా కోటేశ్వరి వచ్చి చెప్పింది:
"గ్లాసుకేం అంటదక్కా, అది గాలికొచ్చే జబ్బు.
మందులు పడి నెల దాటింది, ఆమెతో భయంలేదు.
అయినా ఇంతమంది కూర్చునే చోట
కిటికీలేవి?"
మేం గోతాల వంక చూశాం.
నీళ్ళు కారుతున్నాయి.
మేస్త్రి ఆకు వంక చూశాడు.

సీజనైపోయింది.
ఆరు నెల్లు ఎర్ర మాత్రలు మింగింది ఎస్తేరమ్మ.
ఉచ్చ కూడా ఎర్రగా పోస్తున్నానని
మనవరాలికి చెప్పి నవ్వేదంట. ఆ నవ్వు నేను వినలా,
నేను ఆ గుమ్మం తొక్కితే గదా.

మళ్ళీ మాఘంలో మండె విప్పారు.
ఆమె వచ్చింది.
ఎవరూ అడక్కుండానే
జబ్బు పోయిందన్న కాగితం అందరికీ చూపించింది,
చదువు రానోళ్ళక్కూడా.

టీ వచ్చింది. నేను లేచేలోపే
వసారాలోకి పోయి చూరులో చెయ్యి పెట్టింది.
సాలెగూడు దులిపింది.
"అలవాటైందిలే మే" అంది.

ఆ గ్లాసు లాక్కుని సగం తాగి ఇచ్చాను.
అందరూ చూసేట్టు తాగాను, అది కూడా నిజమే.
ఆమె నవ్వలా.
"పోయినేడు తాగాల్సింది మే.
ఈ ఏడు ఎవరైనా తాగుతారు" అంది.

నా దగ్గర మాట లేదు.
లేచి, నా వెనక కిటికీకున్న గోతం పీకాను.
ఎండ పడి దుమ్ము లేచింది.
ముప్పైరెండు మందిమీ దగ్గాం,
ఏ దగ్గు ఎవరిదో తెలియలా.
మేస్త్రి పరిగెత్తుకొస్తున్నాడు,
ఆకు, ఆకు అనుకుంటా.