చెవా, చెయ్యా

రోడ్డు ఊడ్చే బండి
పొద్దుగాల నాలుగింటికి సల్మాబాద్ గల్లీల్లకెళ్ళి పోతది.
దాని చీపురు పుల్లలు ఉక్కువి.
రోజుకు ఒకటో రెండో విరిగి
గట్టర్ మూతల పక్కన పడి ఉంటయి.
జానెడు పొడుగు, అగ్గిపుల్ల మందం,
తుప్పు పైపైనే.
నేను వంగి ఏరుతుంటే లింబాద్రి నవ్వుతడు:
"ఏందిరా, పెసర్లు ఒలికినయా?"

గ్యారేజీల బండ్లు లేని గడియ నాది.
గ్రైండరుకు గట్టిగ ఒత్తితే పుల్ల నీలం తిరుగుతది.
నీలం తిరిగిందంటే దాని పొగరు చచ్చినట్టే,
వంగితే వంగినకాడనే ఉంటది.
నాలుగు ఖరాబు చేసినంక తెలిసింది.
ఇప్పుడు పక్కన టీ గ్లాసెడు నీళ్ళు.
తాకిచ్చు, ముంచు. తాకిచ్చు, ముంచు.
కొసకు చిన్న ముక్కు రావాలె,
నీళ్ళు తాగి తలెత్తిన కోడిపిల్ల లెక్క.
మిగిలిందంత ఆకురాయి పని.
గరుకు మిగిలితే లోపల పిన్నుకు గీసుకొని
అబద్ధం చెప్తది.
అందుకే వెయ్యి నంబరు కాగితం,
ఆఖరుకు పళ్ళపేస్టు.
పారేసిన వైపర్ లోపలి బద్దను మడిచి
తాళాన్ని తిప్పే కొక్కెం చేసిన.

మా అమ్మ బీడీలు చేసేది.
మాతోని కొట్లాడుకుంటనే, చాట దిక్కు చూడకుంటనే,
తునికాకు కత్తిరించేది.
వెయ్యిల ఒక్కటి వంకర పోకపోయేది.
ఆమెకు ఆకు. నాకు ఆకురాయి.

ఈసా టౌన్ పాత సామాన్ల అంగట్ల
మూడు వందల ఫిల్సులకు కొన్న ఇత్తడి తాళం
మంచం మీద పెట్టుకొని కూసుంట.
"తాళంచెయ్యి పోయిందా?" అంటడు లింబాద్రి.
"చెయ్యేందబ్బా? బీగంచెవి!" అంటాడు
కడప మస్తాన్ వలి, పై మంచం మీద నుంచి.
చెవా, చెయ్యా
అన్నం ఉడికేదాకా తగాద.
నేను మాట్లాడ.
ఒక్కో పిన్ను కూసునేటప్పుడు
ఆ చప్పుడు వేలికి వినవడతది,
చెవికి తాకుతది.
ఎవనిది తప్పు చెప్పను?

నాకు రెండు ఒట్లున్నయి.
నాది కాని తాళం ముట్ట.
నాదైనా, దేనికన్న కాపలా ఉన్నది ముట్ట.

ఆఫీసుల ఒక సొరుగుంది.
జీతం లైన్ల నిలబడితే
సరిగ్గ నా కండ్ల ఎత్తుకు వస్తది.
రేకు తాళం, నాసిరకంది.
ఉఫ్ అని ఊదిన టీ చల్లారకముందే వస్తది.
లోపల మా అందరి పాసుపోర్టులు.
పాసుపోర్టు నాది. తాళం నాది కాదు.
ఈ లెక్క తెగలేదు నాకు.
సంతకం చేసి, పైసలు లెక్కవెట్టుకొని
బయటికొస్త.

మొన్న లింబాద్రి ఒగరుసుకుంట వచ్చిండు.
రేకుపెట్టె తాళంచెయ్యి నిజంగనే పోయింది.
పెట్టె ఆయనది, తాళం ఆయనది, అడిగింది ఆయన.
కోడిపిల్ల ముక్కు తీసిన.
మొదటి పిన్ను, నాలుగోది, రెండోది.
మూడోది మొండికేసింది.
గదిల ఎవ్వరు దగ్గలేదు.
మస్తాన్ వలి ఫ్యాను బంద్ చేసిండు.
కొక్కెం కొంచెం సడలిచ్చిన, ఊపిరంత.
టిక్కుమన్నది.

"మొఖం అటు తిప్పు" అన్నడు.
తిప్పిన.
కాగితం మడత విప్పిన చప్పుడు,
శానసేపటికి, మడిచిన చప్పుడు.
తర్వాత మూత, తర్వాత తాళం.
"మళ్ళ ఎందుకేసినవ్?
చెయ్యి లేదు గద, ఎట్ల తీస్తవ్?"
"నువ్వున్నవ్ గద."

పొద్దుగాల బండి పోయినంక
లింబాద్రి నా ముందల నడిచిండు.
వంగిండు, ఏదో ఏరిండు,
ప్యాంటుకు తుడిచి నా జేబుల వెట్టిండు.
పెసర్ల ముచ్చట తియ్యలేదు.

చూస్తే సైకిల్ స్పోకు.
మెత్తటి ఇనుము, దేనికీ ఆగది.
మిగతా పుల్లలతోనే గుడ్డల చుట్టిన.
ఆకురాయి మాత్రం పెట్టలే దానికి.